బడి మానబోయే పిల్లల్ని ముందే గుర్తించాలంటే...

నీతి ఆయోగ్ 2018 జూన్‌లో విడుదల చేసిన జాతీయ కృత్రిమ మేధ వ్యూహపత్రంలో ఆంధ్రప్రదేశ్ ప్రస్తావన ఒకటుంది. రాష్ట్ర ప్రభుత్వం మైక్రోసాఫ్ట్‌తో కలిసి ఒక అప్లికేషన్ తయారు చేయించింది. అది పిల్లల మార్కులు, కుటుంబాల ఆర్థిక స్థితిగతులు, బడిలోని వసతులు, ఉపాధ్యాయుల నైపుణ్యం వంటి వివరాలన్నింటినీ జల్లెడ పట్టింది. 2018-19 విద్యా సంవత్సరంలో ఒక్క విశాఖపట్నం జిల్లా ప్రభుత్వ బడుల్లోనే సుమారు 19,500 మంది పిల్లలు చదువు మానేసే ప్రమాదంలో ఉన్నారని లెక్క తేల్చింది.

ఆ జాబితా చేతికొచ్చాకే అసలు పని మొదలవుతుంది. అందులో పేరున్న అమ్మాయి పాడేరు కొండల్లోని ఏ గూడెంలోనో, భీమిలి తీరాన ఏ మత్స్యకార పల్లెలోనో ఉంటుంది. ఆమె ఎందుకు మానేసేలా ఉంది? ఆ ఇంటికి ఎవరు వెళ్లాలి, వెళ్లి ఏం మాట్లాడాలి? తిరిగి బడికి వచ్చాక, లెక్కల్లో ఏడాది వెనకబడిన ఆ పిల్లను మిగతా తరగతితో ఎలా కలపాలి? వీటికి యంత్రం దగ్గర జవాబుల్లేవు. జవాబు వెతకగలిగింది రోజూ ఆ అమ్మాయి ముఖం చూసే ఉపాధ్యాయులే. మరి పిల్లల వివరాలను చదివి అర్థం చేసుకోవడం, దాన్ని బట్టి రేపటి పాఠాన్ని మార్చుకోవడం వారికి ఎవరైనా నేర్పుతున్నారా? తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు ఇంతవరకూ గట్టిగా పట్టించుకోని ప్రశ్న ఇది.

నింపేది మాస్టారు, చూసేది మరొకరు

సమాచారానికి మన బడుల్లో కొదవ లేదు. హాజరు యాప్‌లో వేయాలి. మధ్యాహ్న భోజనం తిన్నవారి సంఖ్య పంపాలి. ఎఫ్‌ఏ, ఎస్‌ఏ పరీక్షల మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. బేస్‌లైన్, ఎండ్‌లైన్ స్థాయిలు నమోదు చేయాలి. ఆధార్‌లో పేరు ఒకలా, బడి రిజిస్టరులో మరోలా ఉంటే సరిచేయించాలి. ప్రతి విద్యార్థికీ ‘అపార్’ అనే శాశ్వత గుర్తింపు సంఖ్య పుట్టించాలి. దేశంలోని బడుల వివరాలన్నీ నమోదయ్యే కేంద్ర వ్యవస్థ యూడైస్ ప్లస్‌లో ఒకప్పుడు తరగతికి ఎందరని రాస్తే సరిపోయేది. 2022-23 నుంచి ఒక్కో విద్యార్థి వివరం విడివిడిగా నింపాల్సి వస్తోంది. పిల్లాడు ఒక బడి నుంచి వెళ్లి మరో బడిలో ఇంకా చేరకపోతే అతని పేరు ‘డ్రాప్ బాక్స్’లో కనిపిస్తుంది. ఎవరు ఎక్కడ జారిపోతున్నారో పేరుతో సహా తెలుసుకునే వీలు దీనివల్ల దేశానికి తొలిసారి దక్కింది. ఇది చిన్న విషయం కాదు.

అయితే ఈ వివరాలన్నీ ఒకే దిశలో ప్రయాణిస్తున్నాయి. బడి నుంచి మండలానికి, మండలం నుంచి జిల్లాకు, అక్కడి నుంచి రాజధానిలోని డ్యాష్‌బోర్డుకు చేరుతున్నాయి. ఎన్ని బడులు నింపాయి, ఎన్ని నింపలేదన్నదే సమీక్షల్లో ప్రధాన చర్చ అవుతోంది. నింపని బడి హెచ్‌ఎంకు ఫోన్ వస్తుంది. ఫలానా తరగతిలో ఫలానా ఏడుగురు పిల్లలు రెండు నెలలుగా ఒకే మెట్టు మీద ఆగిపోయారు, వారి కోసం ఏం చేస్తున్నారన్న ఫోన్ మాత్రం అరుదు. నమోదు కార్యక్రమాలకు పెట్టే శిక్షణ కూడా ఇలాగే నడుస్తోంది. లాగిన్ ఎలా అవ్వాలి, ఏ గడిలో ఏం నింపాలి, సర్వర్ మొరాయిస్తే ఎవరిని అడగాలి... ఇంతటితో సెషన్ ముగుస్తుంది.

చట్టం కోరింది ఇది కాదు. విద్యాహక్కు చట్టం-2009లోని 24వ సెక్షన్ ఉపాధ్యాయుల విధులను చెబుతుంది. ప్రతి బిడ్డ నేర్చుకునే సామర్థ్యాన్ని అంచనా వేయడం, అవసరమైన వారికి అదనపు బోధన అందించడం ఆ విధుల్లో ఒకటి. అంచనా, దాని వెంటనే అదనపు బోధన. ఈ రెండింటినీ చట్టం ఒకే వాక్యంలో ముడిపెట్టింది. మన పాలనా యంత్రాంగం మొదటి సగాన్ని యాప్‌లకు అప్పగించి, రెండో సగాన్ని ఉపాధ్యాయుల వ్యక్తిగత ఓపికకు వదిలేసింది.

ఆంధ్రప్రదేశ్ ఇప్పటికే నేర్చిన పాఠం

నివేదిక చేతికిస్తే చాలు, ఉపాధ్యాయులు దాన్ని వాడుకుంటారన్న నమ్మకాన్ని పరీక్షించిన తొలి ప్రయోగాల్లో ఒకటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే జరిగింది. 2005లో మొదలైన ఆ అధ్యయనాన్ని ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ నడిపారు. అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ క్షేత్రస్థాయిలో అమలు చేసింది. ఎంపిక చేసిన బడుల్లో పిల్లలకు పరీక్ష పెట్టి, వారు ఏ అంశంలో ఎక్కడ తడబడుతున్నారో వివరించే నివేదికలను ఉపాధ్యాయులకు అందించారు. పరిశీలకులు అప్పుడప్పుడూ తరగతులకు వెళ్లి బోధన గమనించారు. బహుమతి లేదు, శిక్ష లేదు.

ఫలితాలను 2010లో ‘ఎకనమిక్ జర్నల్’ ప్రచురించింది. పరిశీలకులు చూస్తున్నప్పుడు ఆ బడుల ఉపాధ్యాయులు ఎక్కువ శ్రద్ధగా పాఠం చెప్పారు. కానీ ఏడాది చివర విడిగా పెట్టిన పరీక్షల్లో ఆ పిల్లలకూ, నివేదికలు అందని బడుల పిల్లలకూ తేడా లేదు. మరో ఆసక్తికరమైన సంగతి కూడా బయటపడింది. అవే నివేదికలతో పాటు పిల్లల ప్రగతికి ప్రోత్సాహకం కూడా ప్రకటించిన మరికొన్ని బడుల్లో, నివేదికలు ఉపయోగపడ్డాయని చెప్పిన ఉపాధ్యాయుల దగ్గర చదివిన పిల్లలు మెరుగైన మార్కులు తెచ్చుకున్నారు. అంటే నివేదికలో పస లేక కాదు, దాన్ని వాడుకోవడానికి తగిన కారణం తోడు కాకపోవడమే లోపమని తేలింది. ఆ కారణం డబ్బే కానవసరం లేదు. తోటి ఉపాధ్యాయులతో కలిసి కూర్చునే వేళ, తీసుకున్న నిర్ణయాన్ని అమలు చేసే స్వేచ్ఛ, మార్పు కళ్ల ముందు కనబడటం కూడా అంతే బలమైన కారణాలు కాగలవు.

హర్యానా అనుభవం దీనికి కొనసాగింపులా ఉంటుంది. అక్కడ సుమారు 500 ప్రభుత్వ బడుల్లో రెండు విధానాలను పక్కపక్కన పెట్టి పరీక్షించారు. ఒకటి నిరంతర సమగ్ర మూల్యాంకనం. పిల్లల పురోగతిని ఉపాధ్యాయులు ఏడాది పొడవునా రకరకాల పద్ధతుల్లో అంచనా వేసి రిజిస్టర్లలో రాస్తారు. రెండోది ప్రథమ్ సంస్థ రూపొందించిన అభ్యసన మెరుగుదల కార్యక్రమం. ఇందులో అంచనా చాలా చిన్నది. పిల్లలను ఒక్కొక్కరినీ పిలిచి చదివిస్తారు. అక్షరాల దగ్గర ఆగేవారు, పదాలు చదివేవారు, పేరా చదివేవారు, కథ చదివేవారుగా గుర్తిస్తారు. ఆ తర్వాత రోజూ ఒక గంట తరగతి గోడలు పక్కనబెట్టి, స్థాయిని బట్టి కూర్చోబెట్టి బోధిస్తారు. రెండింటికీ ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. మూల్యాంకన విధానంతో పిల్లల చదువులో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. స్థాయిని బట్టి బోధించిన బడుల్లో మాత్రం హిందీ చదవడం, రాయడం మెరుగుపడ్డాయి.

తేడా ఎక్కడుందో గమనించాలి. మొదటి పద్ధతిలో సేకరించిన వివరం రిజిస్టరులో ఆగిపోయింది. రెండో దాంట్లో అదే వివరం మర్నాడు పిల్లాడు ఎవరి పక్కన కూర్చోవాలో, ఏ పుస్తకం పట్టుకోవాలో నిర్ణయించింది. ఉపాధ్యాయులకు ఇచ్చే శిక్షణ విలువను ఈ గీటురాయి మీదే తేల్చాలి. సేకరించిన ఏ సమాచారం వల్ల తరగతిలో మర్నాడు ఏ పని మారుతుందో చెప్పలేని శిక్షణ, గడులు నింపడం తప్ప మరేమీ నేర్పదు.

ఒకే శాతం, మూడు కథలు

అంకెలు చదవడం నేర్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? గణాంక శాస్త్రం అక్కర్లేదు. రోజూ చేతిలో ఉండే హాజరు పట్టీ చాలు.

ఐదో తరగతిలో ముగ్గురు పిల్లలున్నారనుకుందాం. ఒక నెలలో 24 పనిదినాలు. ముగ్గురూ 20 రోజులు వచ్చారు. ముగ్గురి హాజరూ 83 శాతమే. డ్యాష్‌బోర్డు మీద ముగ్గురూ ఒకే రంగులో కనిపిస్తారు. ఇప్పుడు రిజిస్టరులో అడ్డువరసలు చూడాలి. మొదటి అమ్మాయి నాలుగు బుధవారాలు రాలేదు. ఆ ఊళ్లో సంత బుధవారం. తల్లి కూరగాయలు అమ్మడానికి వెళ్తే ఇంట్లో చంటివాడిని చూసుకునేది ఈ పిల్లే. రెండో పిల్లాడికి నెల మధ్యలో జ్వరం వచ్చి వరసగా నాలుగు రోజులు పోయాయి, మళ్లీ మామూలుగా వస్తున్నాడు. మూడో అబ్బాయి మొదటి 20 రోజులూ ఒక్క రోజు తప్పలేదు. చివరి నాలుగు రోజులూ జాడ లేదు. ఆరా తీస్తే ఇంటిల్లిపాదీ మిరప కోతలకు వలస వెళ్లారు.

రెండో పిల్లాడికి తప్పిన పాఠాలు చెబితే సరిపోతుంది. మొదటి అమ్మాయి విషయంలో తల్లితోనూ, అంగన్‌వాడీ కార్యకర్తతోనూ మాట్లాడాలి. మూడో అబ్బాయికి ఇవాళే ఫోన్ చేయాలి. వారం దాటితే ఏడాది చదువు పోయినట్టే. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, కోసిగి, మంత్రాలయం చుట్టుపక్కల ఊళ్లలో పనిచేసిన ఉపాధ్యాయులకు ఈ మూడో వరస బాగా పరిచయం. పత్తి, మిరప పనుల కాలం వస్తే గుంటూరు వైపు కుటుంబాలు కదులుతాయి. తల్లిదండ్రులు వెళ్లినా పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు సీజనల్ హాస్టళ్ల ఏర్పాటు ఉన్నది ఇందుకే. హాజరు పట్టీని నాలుగైదేళ్లు వెనక్కి తిరగేస్తే ఏ వారంలో ఖాళీలు మొదలవుతాయో తెలిసిపోతుంది. హాస్టల్ ఆ వారానికి ముందే తెరవాలి. వెళ్లిపోయాక తెరిచి లాభం లేదు.

మార్కుల సంగతీ ఇంతే. నాలుగో తరగతిలో ఒక లెక్క ఇచ్చారు. ‘రాము దగ్గర 52 గోళీలు ఉన్నాయి. 27 గోళీలు తమ్ముడికి ఇచ్చాడు. ఇంకా ఎన్ని ఉన్నాయి?’ ఒక పాప 35 అని రాసింది. ఒక బాబు 79 అని రాశాడు. మరొక పాప ఏమీ రాయలేదు. ముగ్గురికీ సున్నా మార్కులు. ముగ్గురూ వెనకబడినవారి జాబితాలోకి వెళ్లారు. కానీ 35 రాసిన పాప ఒకట్ల స్థానంలో రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేసింది, పదులు విడదీయడం ఆమెకు రాలేదు. పదేసి పుల్లల కట్టలు చేతికిచ్చి, ఒక కట్ట విప్పించి చూపిస్తే త్వరలోనే దారిలో పడుతుంది. 79 రాసిన బాబు కూడిక తప్పు లేకుండా చేశాడు, ప్రశ్న ఏం అడుగుతోందో పట్టుకోలేదు. ఏమీ రాయని పాప దగ్గర కూర్చుని ఉపాధ్యాయురాలు ప్రశ్నను పైకి చదివి వినిపించగానే ఆ పిల్ల వేళ్లు లెక్కపెట్టుకుని 25 అని చెప్పింది! ఆమెకు లెక్క వచ్చు, తెలుగు చదవడం రాదు. ఆ పిల్లను లెక్కల ప్రత్యేక తరగతిలో కూర్చోబెడితే ఉన్న ధైర్యం కూడా పోతుంది.

మార్కుల పట్టికలో ఈ తేడాలు కనిపించవు, జవాబు పత్రంలో కనిపిస్తాయి. ఒకే తప్పు చేసినవారిని ఒక జట్టుగా చేర్చడం, తప్పు వెనుక ఉన్న ఆలోచనను పట్టుకోవడం, పది రోజుల తర్వాత అదే రకం లెక్క మళ్లీ ఇచ్చి చూడటం సాధన చేస్తే వచ్చే నైపుణ్యాలు. అనుభవజ్ఞులైన సెకండరీ గ్రేడ్ టీచర్లు (ఎస్‌జీటీలు) ఎందరో ఏళ్ల తరబడి తమంతట తాము ఈ పని చేస్తున్నారు. వారి నేర్పును పక్క బడి ఉపాధ్యాయులకు అందించే ఏర్పాటే మన దగ్గర లేదు.

షికాగో ఏం చేసింది

ప్రమాదంలో ఉన్న విద్యార్థులను ముందే గుర్తించి నిలబెట్టుకోవడంలో అమెరికాలోని షికాగో నగర ప్రభుత్వ బడుల అనుభవం విస్తారంగా నమోదైంది. షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలైన్ ఆలెన్స్‌వర్త్, జాన్ ఈస్టన్ 2005లో ఒక సూచికను వివరించారు. తొమ్మిదో తరగతి ముగిసేసరికి పై తరగతికి కావాల్సిన క్రెడిట్లు ఉండి, ప్రధాన సబ్జెక్టుల్లో ఒకటికి మించి సెమిస్టర్ ఫెయిల్ లేకపోతే ఆ విద్యార్థి దారిలో ఉన్నట్టు. అలాంటివారు సకాలంలో హైస్కూలు పూర్తి చేసే అవకాశం మిగతావారి కంటే మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది. ఎనిమిదో తరగతి పరీక్ష మార్కుల కంటే, తొమ్మిదో తరగతిలో పిల్లలు బడికి ఎన్నాళ్లు వచ్చారన్నదే వారి భవిష్యత్తును స్పష్టంగా చెబుతోందని ఆ తర్వాతి అధ్యయనం చూపింది.

సూచిక తెలిసినంత మాత్రాన ఫలితం రాలేదు. తొమ్మిదో తరగతికి చెప్పే ఉపాధ్యాయులు జట్లుగా ఏర్పడి, తమ పిల్లల జాబితాలు ముందేసుకుని క్రమం తప్పకుండా కూర్చున్నారు. ఎవరి హాజరు తగ్గుతోంది, ఎవరు ఏ సబ్జెక్టులో తప్పేలా ఉన్నారు, ఎవరితో ఎవరు మాట్లాడాలి అన్నది ఆ సమావేశాల్లోనే తేల్చుకున్నారు. ప్రధానోపాధ్యాయులకు, ఉపాధ్యాయులకు ఈ పనిలో తోడుగా నిలిచే శిక్షకులను విశ్వవిద్యాలయం సమకూర్చింది. 2007లో దారిలో ఉన్న తొమ్మిదో తరగతి విద్యార్థులు 57 శాతం. 2013 నాటికి వారు 82 శాతానికి చేరారు.

మన విద్యావిధానం వేరు, సెమిస్టర్లు, క్రెడిట్లు వేరు. అయినా ఒక పోలిక సూటిగా వర్తిస్తుంది. ఉన్నత పాఠశాలల్లో తొమ్మిదో తరగతి పిల్లాడికి ఆరేడుగురు ఉపాధ్యాయులు పాఠం చెబుతారు. లెక్కల మాస్టారికి అతను గైర్హాజరు విద్యార్థి, తెలుగు మాస్టారికి చక్కగా రాసే పిల్లాడు, పీఈటీకి మంచి ఆటగాడు. ఈ ముగ్గురూ కలిసి ఆ ఒక్క పిల్లాడి గురించి మాట్లాడుకునే అరగంట టైంటేబుల్‌లో ఎక్కడా లేదు. యూడైస్ ప్లస్ 2024-25 నివేదిక ప్రకారం దేశంలో సెకండరీ దశలో బడి మానేస్తున్నవారు 8.2 శాతం. అంతకుముందు ఏడాది ఇది 10.9 శాతం. తగ్గుదల సంతోషకరమే, కానీ ప్రాథమిక దశలతో పోలిస్తే ఈ దశలో జారిపోయేవారు ఇప్పటికీ చాలా ఎక్కువ. ఆ అరగంట అవసరం ఇక్కడే ఉంది.

యంత్రం ఇచ్చే జాబితాతో జాగ్రత్త

అమెరికాలోనే విస్కాన్సిన్ రాష్ట్రం మరో దారి తొక్కింది. పదేళ్లకు పైగా ఒక కంప్యూటర్ వ్యవస్థ, మాధ్యమిక తరగతుల పిల్లల్లో ఎవరు సకాలంలో హైస్కూలు పూర్తి చేయలేరో ముందుగా అంచనా వేసి బడులకు పంపుతూ వచ్చింది. 2023లో ‘ది మార్కప్’ అనే వార్తాసంస్థ దాని పనితీరును శోధించింది. పూర్తి చేయలేరని ముద్ర వేసిన సందర్భాల్లో దాదాపు నాలుగింట మూడొంతులు ఆ అంచనా తప్పిందని, ఆ తప్పుడు హెచ్చరికలు నల్లజాతి, హిస్పానిక్ పిల్లల మీద ఎక్కువగా పడ్డాయని బయటపెట్టింది. అదే ఏడాది వెలువడిన మరో పరిశోధన ఇంకో మాట చెప్పింది. ఈ వ్యవస్థ వల్ల ఉత్తీర్ణత పెరిగిందనడానికి బలమైన ఆధారం లేదు. పిల్లాడు ఏ బడిలో, ఏ ప్రాంతంలో చదువుతున్నాడో తెలిస్తే ప్రమాదాన్ని దాదాపు అంతే చక్కగా అంచనా వేయవచ్చు.

ఇందులో తెలుగు రాష్ట్రాలు నేర్చుకోవాల్సింది చాలా ఉంది. ఒక మండలంలో సగం ఇళ్లు వలసపోతుంటే, వాటిలో ఏ పిల్లాడు ప్రమాదంలో ఉన్నాడో విడదీసి చెప్పే యంత్రం కంటే ఆ మండలమంతటికీ సకాలంలో తెరిచే హాస్టళ్లు ముఖ్యం. అలాగే కులం, తల్లిదండ్రుల చదువు, ఆదాయం వంటి వివరాల మీద ఆధారపడి ‘ఈ పిల్ల మానేస్తుంది’ అని ముందే పేరు పెడితే, పేద, దళిత, గిరిజన పిల్లలందరి మీదా అదే ముద్ర పడుతుంది. ఉపాధ్యాయుడు మార్చగలిగేవి హాజరు, చదవడం, లెక్కలు, పిల్లలతో చనువు. జాబితాలు వీటి మీద నిలబడాలి. కుటుంబ నేపథ్యం సాయం ఎలా చేయాలో ఆలోచించడానికి పనికిరావాలి తప్ప ఆశ వదులుకోవడానికి కాదు. శిక్షణలో ఈ విచక్షణకు ప్రత్యేకంగా చోటుండాలి.

భయపడితే అంకె అబద్ధం చెబుతుంది

అంకెల నిజాయితీ మరో సమస్య. ఆర్థికవేత్త అభిజీత్ సింగ్ అధ్యయనం ఈ విషయాన్ని కుండబద్దలు కొట్టింది. మధ్యప్రదేశ్‌లో అధికారిక పరీక్షల్లో నమోదైన మార్కులను, అవే ప్రశ్నలతో విడిగా జరిపిన పరీక్షలతో పోల్చి చూశారు. పిల్లలకు వచ్చినదాని కంటే చాలా ఎక్కువ వచ్చినట్టు రికార్డుల్లో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2,400కు పైగా బడుల్లో జరిపిన ప్రయోగంలో ఉపాధ్యాయుల పర్యవేక్షణలో కాగితం మీద రాసిన పరీక్షలు పిల్లల స్థాయిని బాగా పెంచి చూపాయి. ట్యాబ్‌ల మీద పెట్టిన పరీక్షల ఫలితాలు మాత్రం వాస్తవానికి దగ్గరగా వచ్చాయి.

ట్యాబ్‌లు ఒక పరిష్కారం. కానీ ఉపాధ్యాయులు మార్కులు ఎందుకు పెంచుతున్నారన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న. తక్కువ మార్కులు వస్తే సంజాయిషీ నోటీసు, ఎక్కువ వస్తే ప్రశంసాపత్రం అన్న వాతావరణంలో నిజం రాసేవారు తగ్గిపోతారు. ఆ నష్టం ఉపాధ్యాయుడిది కాదు, పిల్లాడిది. ‘సి’ గ్రేడ్ రావాల్సిన పిల్లాడి పేరు పక్కన ‘ఎ’ పడితే, అతనికి దక్కాల్సిన ప్రత్యేక బోధన దక్కకుండా పోతుంది. బోధన కోసం జరిపే అంచనాలను, అధికారుల సమీక్ష కోసం జరిపే పరీక్షలను వేరు చేయడం ఇందుకే తప్పనిసరి. మొదటి రకం ఫలితాలు బడిలోనే ఉండాలి. వాటిని బట్టి ఎవరికీ నోటీసు ఇవ్వబోమని ప్రభుత్వం రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి.

గోప్యత సంగతీ మరవరాదు. ప్రభుత్వ ఆన్‌లైన్ బోధన వేదిక ‘దీక్షా’కు చెందిన ఒక సర్వర్‌కు సరైన రక్షణ లేక, పది లక్షలకు పైగా ఉపాధ్యాయుల వివరాలు, లక్షలాది విద్యార్థుల సమాచారం బయటి ప్రపంచానికి అందుబాటులో ఉండిపోయిందని 2023 జనవరిలో ‘వైర్డ్’ పత్రిక వెల్లడించింది. అదే ఏడాది వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారి సమాచారానికి ప్రత్యేక రక్షణలు కల్పించింది. చట్టం ఢిల్లీలో ఉంటే చాలదు, స్టాఫ్‌రూములోకి రావాలి. వెనకబడిన పిల్లల జాబితాను వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదని, గోడకు అంటించకూడదని, తరగతిలో పేర్లు పైకి చదవకూడదని ప్రతి శిక్షణలోనూ చెప్పాలి. నలుగురి ముందు ‘డల్’ అనిపించుకున్న పిల్లాడు బడి మానేస్తే, ఆ జాబితా ఎవరి కోసం తయారైందో వారికే హాని చేసినట్టవుతుంది.

ఏం చేయాలి?

పునాది లేదని ఎవరూ అనలేరు. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు నేర్పే జాతీయ కార్యక్రమం నిపుణ్ భారత్ 2021లో మొదలైంది. తెలంగాణ 2022 ఆగస్టులో ప్రాథమిక తరగతులకు ‘తొలిమెట్టు’, ఆ తర్వాత ఉన్నత పాఠశాలలకు ‘ఉన్నతి’ తెచ్చింది. పిల్లల స్థాయిని తెలుసుకుని బోధించాలన్న ఆలోచన ఇప్పుడు కొత్త కాదు. జాతీయ స్థాయిలో పిల్లల చదువును కొలిచే అసర్-2024 సర్వే ప్రకారం గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతం. రెండేళ్ల కిందట వారు 16.3 శాతమే. దిశ సరైనదే. అయినా నలుగురిలో ముగ్గురు ఇంకా వెనకే ఉన్నారు.

జాతీయ విద్యావిధానం-2020 ప్రతి ఉపాధ్యాయుడికీ ఏటా 50 గంటల వృత్తిపర శిక్షణ ఉండాలంది. అందులో కనీసం మూడోవంతును, చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఒకే పనికి కేటాయించవచ్చు. ఉపన్యాసాలు, పీపీటీలు వద్దు. ప్రతి ఉపాధ్యాయుడూ తన తరగతి హాజరు పట్టీ, పది జవాబు పత్రాలు పట్టుకుని రావాలి. పేర్లు కప్పి, జంటలుగా కూర్చుని తప్పులను వర్గీకరించాలి. ముగ్గురు పిల్లల కోసం వచ్చే పదిహేను రోజుల్లో ఏం చేస్తారో రాసుకుని వెళ్లాలి. తర్వాతి సమావేశంలో ఏమైందో చెప్పాలి. క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు (సీఆర్‌పీలు) ఈలోగా బడికి వెళ్లినప్పుడు ఎంట్రీలు తనిఖీ చేసే బదులు ఆ ముగ్గురి దగ్గర కూర్చుని చదివించి చూడాలి. జిల్లా విద్యా శిక్షణ సంస్థల (డైట్) అధ్యాపకులు ఒక్కో కాంప్లెక్స్‌కు తోడుండాలి. డీఈడీ, బీఈడీ అభ్యాసకులు ఉపాధ్యాయ శిక్షణలో భాగంగా ఇదే పని చేయాలి.

దీనికి తీరిక కావాలి. యూడైస్ ప్లస్ 2024-25 లెక్కల్లో దేశంలో లక్షకు పైగా ఏకోపాధ్యాయ పాఠశాలలున్నాయి. వాటిలో అత్యధికం, 12,912, ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి. తెలంగాణలో 5,001. ఐదు తరగతులు ఒక్కచేత్తో నడిపే ఉపాధ్యాయురాలిని జవాబు పత్రాలు విశ్లేషించమంటే ఆమె ఎప్పుడు విశ్లేషించాలి? అక్కడ రెండో ఉపాధ్యాయుడిని నియమించకుండా ఏ శిక్షణా ఫలించదు. మిగతా బడుల్లో ఒకే వివరాన్ని రెండు మూడు యాప్‌లలో ఎక్కించే పని ఆగాలి. ఒకసారి నమోదైన వివరం మళ్లీ అడగరాదన్న నిబంధన పెట్టి, మిగిలిన గంటలను టైంటేబుల్‌లో పిల్లల సమీక్షకు కేటాయించాలి. బడి పంపిన ప్రతి సమాచారమూ వారం లోపు ఒక పేజీ తెలుగు నివేదికగా ఆ బడికే తిరిగి రావాలి. ఎవరు ఎన్నాళ్లుగా రావడం లేదు, ఎవరు ఏ మెట్టు దగ్గర ఆగారు అన్న రెండు విషయాలు అందులో ఉంటే చాలు.

ఈ మార్పు మొదలుపెట్టడానికి ఇంతకంటే అనువైన సమయం దొరకదు. తెలంగాణ 2024లో 11,062 పోస్టులకు, ఆంధ్రప్రదేశ్ 2025లో 16,347 పోస్టులకు డీఎస్సీ నిర్వహించాయి. వేలాది కొత్త ఉపాధ్యాయులు ఇప్పుడిప్పుడే తరగతి గదుల్లో కుదురుకుంటున్నారు. వారికి యాప్‌ల కంటే ముందు పిల్లల జవాబు పత్రాలు చదవడం అలవాటు చేయాలి. రెండు రాష్ట్రాల విద్యాశాఖలు వచ్చే జూన్ 12న బడులు తెరిచేలోగా కనీసం జిల్లాకు ఒక కాంప్లెక్స్‌లో ఈ తరహా శిక్షణ ప్రారంభించాలి. ఏడాది తర్వాత దాని ఫలితాన్ని, బాగున్నా బాగోకపోయినా, ప్రజల ముందు పెట్టాలి.